మైకు వదిలాడు... లోకాన్ని పాడించాడు!

కోటబొమ్మాళి కొత్తమ్మతల్లి జాతర. రాత్రి పది దాటింది. రంగుల దీపాల కింద ఆర్కెస్ట్రా హుషారుగా సాగుతోంది. టెక్కలి నుంచి, పలాస నుంచి, ఉద్దానం పల్లెల నుంచి వచ్చిన కుర్రకారు వేదిక ముందు గుమిగూడారు. 2023లో ఈ ఊరి పేరుతోనే వచ్చిన ‘కోటబొమ్మాళి పి.ఎస్.’ చిత్రంలోని లింగిడి పాట ఎత్తుకున్నారో లేదో, ఒకటే ఈలలు! తర్వాత ‘పలాస 1978’లోని నక్కిలీసు గొలుసు పాట. ఇక నేల మీద నిలబడ్డవాడు లేడు!

ఈలలన్నీ మైకు పట్టుకున్న గాయకుడికే. అతని వెనకాల, స్పీకరు పెట్టె నీడలో, ఒక కుర్రాడు తల వంచుకుని గిటారు వాయిస్తున్నాడు. పాతికేళ్ళుండవు. వరసకు నాకు కొడుకవుతాడు. కార్యక్రమం ముగిశాక టీకొట్టు దగ్గర కలిశాడు. మొహంలో కళ లేదు.

‘‘నాకు గొంతు లేదంట సిన్నాన్నా! ఎనకాల నిలబడి వోయించమంతన్నారు. ఎన్నాళ్ళని నిలబడతాను? ఇడిసిపెట్టేసి దుబాయెల్లిపోదామనుకుంతన్నాను’’ అన్నాడు.

‘‘ఆ నక్కిలీసు గొలుసు పాట నీకెందుకు నచ్చిందిరా?’’ అనడిగాను.

‘‘దరువు సిన్నాన్నా! మనూళ్ళో పాడుకునీ పాటే. రికార్డులో ఇంతే ఒళ్ళు జలదరించేత్తాది.’’

‘‘మరి ఊళ్ళో పాడుకునే పాటను అలా రికార్డుగా మలిచినవాడెవరు?’’

కుర్రాడు బుర్ర గోక్కున్నాడు. పాడినవాళ్ళ పేర్లు తెలుసు, తెర మీద ఆడినవాళ్ళ పేర్లు తెలుసు. మలిచినవాడి పేరు మాత్రం తట్టలేదు. పాఠకులారా, మీలో ఎంతమందికి తెలుసు? ‘పలాస 1978’కు సంగీతం కూర్చింది రఘు కుంచె. 2020లో వచ్చిన ఆ చిత్రంలో ఆయన నటించారు కూడా!

ఆ రాత్రి ఆ కుర్రాడికి నేనొక కథ చెప్పాను. గిటారు పట్టుకుని, రాక్ పాటలు పాడి, గాయకుడిగా పేరు తెచ్చుకోవాలని సముద్రాలు దాటిన ఒక దక్షిణాది కుర్రాడి కథ. అతను మన తెలుగువాడు కాడు. మన పొరుగునున్న కన్నడసీమవాడు. కానీ ఆ కథ మన ఆర్కెస్ట్రాల్లో వెనక వరసలో నిలబడ్డ ప్రతి కుర్రాడిదీను. అతని పేరు బిద్దు అప్పయ్య. లోకానికి వట్టి ‘బిద్దు’!

సిలోన్ రేడియో శిష్యుడు

బిద్దు 1940లలో బెంగళూరులో పుట్టాడు. కుటుంబం మూలాలు కొడగులో ఉన్నాయి. ఆ రోజుల్లో ఇంగ్లీషు పాటలు వినాలంటే సిలోన్ రేడియోనే దిక్కు. మన ఉద్దానం తీరంలోనూ అంతే కదా! మీనాక్షి పొన్నుదురై గారి గొంతు కోసం, ఆ తర్వాత వచ్చే తెలుగు పాటల కోసం రేడియోకు చెవులప్పగించి కూర్చున్న పెద్దలు మన ఇళ్ళల్లో ఇప్పటికీ ఉన్నారు. అదే స్టేషనులో బిద్దు పాశ్చాత్య పాటలు విన్నాడు. గిటారు నేర్చాడు. మిత్రులతో కలిసి ‘ట్రోజన్స్’ అనే బృందం పెట్టాడు. బీటిల్స్, రోలింగ్ స్టోన్స్ పాటలు వాయిస్తూ బెంగళూరులోనే కాక కలకత్తా, బొంబాయి క్లబ్బుల్లో కూడా పేరు తెచ్చుకున్నారు.

బృందమన్నాక పొరపొచ్చాలూ ఉంటాయి, ఇంటి బాధ్యతలూ ఉంటాయి. ట్రోజన్స్ విడిపోయింది. బిద్దు మాత్రం గిటారు దించలేదు. ‘ఒంటరి ట్రోజన్’ అని పేరు పెట్టుకుని బొంబాయిలో ఒక్కడే పాడాడు. అప్పటికి అతని కళ్ళన్నీ లండన్ మీదే. బీటిల్స్ ఉన్న ఊరది! చేతిలో పెద్దగా డబ్బు లేదు. మధ్యప్రాచ్య దేశాల మీదుగా, దారినపోయే బళ్ళను ఆపి ఎక్కుతూ, బేరూత్ దాటి, 1967లో ఇంగ్లండు చేరాడు.

అక్కడ పూలదండలు వేసి ఎవరు ఎదురొస్తారు? అమెరికా రాయబార కార్యాలయంలో వంటవాడిగా చేరి హాంబర్గర్లు కాల్చాడు! ఆ పనిలో కూడబెట్టిన డబ్బుతో స్టూడియో గంటలు కొనుక్కున్నాడు. తన గొంతుతో రికార్డులు వేశాడు. అవి ఆడలేదు. లండన్ వీధుల్లో గిటారు మోసుకు తిరిగే కుర్రాళ్ళు వేలల్లో ఉన్న రోజులవి. వాళ్ళలో ఇతనొకడు, అంతే.

ఇక్కడే అతని జీవితం మలుపు తిరిగింది.

ఈ ప్రొడ్యూసరు వేరు!

మలుపు ఏమిటో చెప్పే ముందు ఒక్క మాట. మన సినిమావాళ్ళకు ప్రొడ్యూసరంటే డబ్బు పెట్టే నిర్మాత. రికార్డు ప్రొడ్యూసరు అలా కాదు. సినిమాకు దర్శకుడెలాగో రికార్డుకు ఈయనలాగ. ఏ పాట తీసుకోవాలి, ఎవరిచేత పాడించాలి, ఏ శ్రుతిలో పాడించాలి, ఎంత వేగంగా నడపాలి, డ్రమ్ము ఎంత పైకి వినబడాలి, వయొలిన్లు ఎక్కడ రావాలి, ఎక్కడ నోరు మూసుకోవాలి - ఇవన్నీ తేల్చేది ఈయనే. స్టూడియోలో పాడేవాళ్ళకూ ఈయనకూ మధ్య ఒక గాజు అద్దం ఉంటుంది. అద్దానికి అటు గొంతు. ఇటు చెవి. ఆ చెవే ప్రొడ్యూసరు!

ఒకప్పుడు మన మద్రాసు స్టూడియోల్లో పాట రికార్డింగు అంటే పెళ్ళిపందిరే. గాయనీగాయకులు, వాద్యబృందం, అందరూ ఒకేసారి మొదలుపెట్టి ఒకేసారి ముగించాలి. నాలుగో నిమిషంలో ఒక వయొలిన్ తప్పు పలికిందా, మళ్ళీ మొదటినుంచీ! తర్వాత పడమటి దేశాల్లో ఒకే టేపు మీద ఎనిమిది, పదహారు, ఇరవైనాలుగు దారులు వేసే యంత్రాలొచ్చాయి. ఒక దారిలో డ్రమ్ము, ఒక దారిలో గిటారు, ఒక దారిలో గొంతు. దేని పాటికి దాన్ని సరిచేసుకోవచ్చు. గొంతును రెండుసార్లు పాడించి ఒకదాని మీద ఒకటి పరచవచ్చు. అలా ఆ గాజు అద్దం ఇవతలి మనిషికి కొత్త బలం వచ్చింది.

బిద్దు ఆ బలాన్ని పసిగట్టాడు. తన గొంతు లోకాన్ని కదిలించదని తెలుసుకున్నాడు. ఏ పాట కదిలిస్తుందో మాత్రం తన చెవికి తెలుసు! 1969లో జపాను బృందం ‘టైగర్స్’ చేత ఒక ఇంగ్లీషు పాట పాడించాడు. అది జపానులో బాగా ఆడింది. గాయకుడిగా రాని పేరు అద్దం వెనుక నుంచి రావడం మొదలైంది.

పది నిమిషాల పాట

1974. బ్రూస్ లీ చనిపోయి ఏడాది కావస్తోంది. ‘ఎంటర్ ది డ్రాగన్’ పుణ్యమా అని ప్రపంచమంతా కుంగ్‌ఫూ పిచ్చిలో ఉంది. బిద్దు ఒక గ్రాంఫోన్ రికార్డుకు పాట సిద్ధం చేస్తున్నాడు. గాయకుడు కార్ల్ డగ్లస్, జమైకాలో పుట్టినవాడు. ఇద్దరూ 1972లో వచ్చిన ‘ఎంబసీ’ అనే సినిమా పాట పనిలో కలిసినవారే.

స్టూడియో దొరికింది మూడు గంటలు. రికార్డుకు ‘ఎ’ సైడు పాట ముఖ్యం కదా! దానికే రెండు గంటలకు పైగా పట్టింది. ఇక ‘బి’ సైడుకు ఏదో ఒకటి నింపాలి. ‘నీ దగ్గరేమైనా ఉందా?’ అంటే డగ్లస్ తను రాసుకొచ్చిన పాటలు తీశాడు. అందులో ఒకటి ‘కుంగ్‌ఫూ ఫైటింగ్’. ఎవరు వింటారులే అన్న ధీమాతో ‘హు! హా!’ అంటూ అరుపులు పెట్టి, సరదాగా, చివరి పది నిమిషాల్లో రెండే రెండు టేకుల్లో ముగించేశారు!

రికార్డు కంపెనీలో రెండు వైపులా విన్న పెద్దమనిషి మాత్రం బోర్లా తిప్పేశాడు. ‘బి’ సైడే ‘ఎ’ సైడు అన్నాడు! విడుదలయ్యాక మొదటి వారాల్లో రేడియోలు ఆ పాటను పట్టించుకోలేదు. డ్యాన్సు క్లబ్బుల్లో కుర్రకారు పట్టించుకున్నారు. అక్కడ రాజుకున్న నిప్పు ఊరంతా పాకింది. సెప్టెంబరుకల్లా బ్రిటన్‌లో మొదటి స్థానం! డిసెంబరులో అమెరికాలో మొదటి స్థానం! అమ్ముడైన రికార్డులు కోటి దాటాయని చెబుతారు. బెంగళూరు కుర్రాడు ప్రపంచాన్ని గంతులు వేయించాడు. కానీ చెప్పండి, ఆ పాట తెలిసినవాళ్ళలో బిద్దు పేరు తెలిసినవాళ్ళెందరు?

పది నిమిషాల పాటే కావచ్చు. ఆ పది నిమిషాల వెనుక పదేళ్ళున్నాయి సుమా! బెంగళూరు క్లబ్బులు, బేరూత్ దారి, హాంబర్గర్ల పొయ్యి, ఆడని రికార్డులు - అన్నీ ఉన్నాయి. అవన్నీ లేకపోతే ‘ఇది సరదాగా ఉంది, ఇలాగే ఉంచెయ్’ అనే తెగువ ఎక్కడిది?

తప్పెటగుళ్ళ రహస్యం

ఆ రోజుల్లో డ్యాన్సు క్లబ్బుల్లో పుట్టిన ఆ బాణీకే డిస్కో అని పేరు. దాని రహస్యం చిన్నదే. పెద్ద డ్రమ్ము మీద నాలుగు దెబ్బలూ సమానంగా, ఆగకుండా పడతాయి. దాని మీద బేస్ గిటారు దూకుతుంది. ఆ పైన వయొలిన్లు తేలుతాయి.

మన ఉత్తరాంధ్ర తప్పెటగుళ్ళు చూసినవాళ్ళకు ఈ రహస్యం లండన్‌వాళ్ళు చెప్పనక్కర్లేదు. రొమ్మున కట్టుకున్న రేకు తప్పెటల మీద దెబ్బా, నేల మీద అడుగూ ఒక్కసారి పడుతుంటే, చూడ్డానికొచ్చిన ముసలాయన కాలు కూడా తనంతట తానే కదులుతుంది. బిద్దు పట్టుకున్నదీ అదే. మెదడుకు ముందే కాలికి తెలిసే పాట!

1975లో ‘బిద్దు ఆర్కెస్ట్రా’ పేరుతో పాత సినిమా బాణీ ‘సమ్మర్ ఆఫ్ 42’ను డిస్కోగా మార్చి వాయించాడు. బ్రిటన్‌లో మొదటి ఇరవై పాటల్లో చేరింది. 1976 మార్చిలో టినా చార్లెస్ అనే అమ్మాయి చేత పాడించిన ‘ఐ లవ్ టు లవ్’ మూడు వారాలు బ్రిటన్‌లో అగ్రస్థానంలో నిలిచింది.

ఇక్కడొక ముచ్చట. ఆ టినా చార్లెస్ బృందంలో బేస్ గిటారు వాయించే కుర్రాడొకడున్నాడు. పేరు ట్రెవర్ హార్న్. బిద్దు పని తీరును దగ్గరనుంచి చూశాడు. 1979లో తన ‘బగుల్స్’ బృందంతో ‘వీడియో కిల్డ్ ది రేడియో స్టార్’ పాడి మొదటి స్థానం కొట్టాడు. ఆ తర్వాత అతనూ అద్దం వెనక్కి వెళ్ళి, 1980లలో బ్రిటన్‌లోకెల్లా పేరున్న ప్రొడ్యూసర్లలో ఒకడయ్యాడు! వెనక వరసలో నిలబడ్డవాడు ఏమేం నేర్చుకోగలడో చూశారా?

పదిహేనేళ్ళ గొంతు

1979 వచ్చేసరికి అమెరికాలో డిస్కో మీద విసుగు పుట్టింది. ఆ ఏడాది జులై 12న షికాగో బేస్‌బాల్ మైదానంలో డిస్కో రికార్డులను గుట్ట పోసి పేల్చేశారు! బిద్దు పని అయిపోయిందనుకోవాల్సిన సమయం.

సరిగ్గా అప్పుడే బొంబాయి నుంచి కబురొచ్చింది. పిలిచింది ఫిరోజ్ ఖాన్. ‘కుర్బానీ’ చిత్రానికి ఒక్క పాట చేసిపెట్టమని. మిగతా పాటలు కళ్యాణ్‌జీ ఆనంద్‌జీలవి. హిందీ సినిమా పాట చేయడానికి బిద్దు మొదట తటపటాయించాడు. ఫిరోజ్ ఖాన్ కూడా బెంగళూరులో పుట్టినవాడే. ఊరివాడి మాట కాదనలేక ఒప్పుకున్నాడు.

పాడిందెవరు? పేరున్న గాయని కాదు. లండన్‌లో చదువుకుంటున్న పాకిస్తానీ అమ్మాయి నాజియా హసన్. వయసు పదిహేను! పాట ‘ఆప్ జైసా కోయీ’. లండన్ స్టూడియోలో ఇరవైనాలుగు దారుల యంత్రం మీద రికార్డు చేశారు. శాస్త్రీయంగా శిక్షణ పొందిన గొంతు కాదది. కాస్త ముక్కుతో పలికే లేత గొంతు. మరొకరైతే ‘గొంతు లేదు’ అనేవారేమో! బిద్దు ఆ లేతదనాన్నే దాచకుండా ముందుకు తెచ్చాడు. కాస్త ప్రతిధ్వని చేర్చాడు. చుట్టూ ఖాళీ జాగా వదిలాడు. 1980లో సినిమా విడుదలయ్యాక తెర మీద జీనత్ అమన్ ఆడుతుంటే హాళ్ళు ఊగిపోయాయి. నాజియాకు ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ గాయని బహుమతి వచ్చింది. అంత చిన్న వయసులో ఆ బహుమతి అందుకున్నవారు అంతకుముందు లేరు.

1981లో నాజియా, ఆమె తమ్ముడు జోహెబ్‌లతో బిద్దు చేసిన ‘డిస్కో దీవానే’ ఇంకో అడుగు ముందుకు వేసింది. ఇది సినిమా పాట కాదు. హీరో లేడు, హీరోయిన్ లేదు. వట్టి పాటలే! అయినా భారతదేశంలోనూ పాకిస్తాన్‌లోనూ క్యాసెట్లు, రికార్డులు ఎగబడి కొన్నారు. సినిమా అండ లేకుండా పాట బతకగలదని మన దేశంలో గట్టిగా చెప్పిన రికార్డు అది.

ఆ గాలి మన తెలుగు సినిమాను తాకకుండా ఉంటుందా? 1980లలో మన హీరోల పాటల్లో డ్రమ్ము దెబ్బ మారింది, దుస్తులు మెరిశాయి, అడుగులు మారాయి. హిందీలో డిస్కో పాటలకు పేరుపడ్డ బప్పీలహరిని నటశేఖర కృష్ణ ‘సింహాసనం’తో 1986లో తెలుగుకు తెచ్చారు. తెలుగులో తొలి 70 ఎం.ఎం. చిత్రానికి బప్పీ బాణీలు! ఆ పాటలకు చిందులేసిన మన అన్నయ్యలకు, అక్కయ్యలకు ఆ గాలి ఎక్కడినుంచి బయల్దేరిందో తెలియకపోవచ్చు.

మేడ్ ఇన్ ఇండియా

బిద్దు చేసినవన్నీ ఆడలేదు. 1982లో కుమార్ గౌరవ్ హీరోగా వచ్చిన ‘స్టార్’ సినిమా నిలబడలేదు. నాజియా, జోహెబ్‌లు పాడిన పాటలు మాత్రం నిలిచాయి. ఆ తర్వాత నాజియా మెల్లగా పాటలకు దూరమైంది. బిద్దు ఆమెను దృష్టిలో పెట్టుకుని ఇంకో పాట కట్టాడు. పేరు ‘మేడ్ ఇన్ ఇండియా’. పాకిస్తానీ అయిన తాను ఆ మాట పాడితే తనవాళ్ళు నొచ్చుకుంటారని ఆమె వద్దంది. ఆ పాట అలీషా చినాయ్‌కి దక్కింది. 1995లో టీవీ పెట్టిన ప్రతి ఇంట్లోనూ అదే పాట! ‘ఇండీపాప్’ అన్న మాట కుర్రకారు నోళ్ళలో నానింది. తెర మీద అలీషా ఉంది, మిలింద్ సోమన్ ఉన్నాడు. బిద్దు ఎప్పటిలాగే అద్దం వెనుక.

నాజియా 2000 ఆగస్టు 13న లండన్‌లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో కన్నుమూసింది. ముప్ఫై అయిదేళ్ళు! పాట మాత్రం పోలేదు. 2012లో ‘స్టూడెంట్ ఆఫ్ ది ఇయర్’ చిత్రంలో ‘డిస్కో దీవానే’ మళ్ళీ మోగింది. అప్పటికి పుట్టని కుర్రాళ్ళు దానికి ఎగిరారు. బిద్దు తన కథను తానే 2010లో పుస్తకంగా రాసుకున్నాడు. దానికి పెట్టిన పేరూ ‘మేడ్ ఇన్ ఇండియా’యే!

వెనక వరస చిన్నది కాదు

కథ అయ్యేసరికి టీకొట్టు సామాను సర్దేస్తున్నారు. కుర్రాడు చాలాసేపు మాట్లాడలేదు.

‘‘అయితే నన్ను కూడా పాట మానీమంతావేటి సిన్నాన్నా?’’

‘‘పాట మానమనలేదురా! బిద్దు మానింది పాడటం. పాటను కాదు.’’

నిజం చెప్పాలంటే ఆ రెంటికీ మధ్య చాలా దూరం ఉంది. ఆ దూరం నడవడానికి బిద్దు సముద్రాలు దాటాల్సి వచ్చింది. స్టూడియో గంటల కోసం పొయ్యి దగ్గర నిలబడాల్సి వచ్చింది. ఈనాడు ఆ ఇరవైనాలుగు దారులూ, అంతకు మించీ, ఒక మామూలు కంప్యూటరులో ఉన్నాయి. ఫోనులో కూడా నాలుగు దారులు వేసుకోవచ్చు. అయితే యంత్రం చెవినివ్వదు. ఏది ఉంచాలో, ఏది తీసెయ్యాలో చెప్పదు. ‘బి’ సైడులో ఉన్న పాట ‘ఎ’ సైడుదని పోల్చుకోదు. అది వెనక వరసలో ఏళ్ళ తరబడి నిలబడి విన్నవాడికే అబ్బుతుంది.

ఇంకొకటి కూడా చెప్పాను. జాతరలో, పొలంలో పుట్టిన పాటను రికార్డు చేసేవాడు ఆ పాట ఇచ్చిన నోటిని మరిచిపోకూడదు. తన పేరు వేసుకునే ముందు ఆ ముసలమ్మ పేరు వెయ్యాలి. అద్దం వెనుక మనిషికి చెవి ఎంత అవసరమో, ఆ నిజాయితీ అంత అవసరం.

అందరూ బిద్దులు కారు. లండన్‌లో హాంబర్గర్లు కాల్చి అక్కడే ఉండిపోయినవాళ్ళ కథలు ఎవరూ రాయరు. అది కూడా ఆ కుర్రాడికి దాచకుండా చెప్పాను.

నెల తిరక్కుండానే ఫోనులో ఒక పాట పంపాడు. వాళ్ళ అమ్మమ్మ గొంతు. వరి ఊడుపుల పాట. వెనకాల గిటారు ఒక్క తీగ మీద మాత్రమే, బురదలో అడుగులు పడ్డట్టు, నెమ్మదిగా మోగుతోంది. ఎక్కడా తన గొంతు లేదు. మొదట్లో ఆమె పేరు తానే చెప్పి, పక్కకు తప్పుకున్నాడు.

కింద ఒక ముక్క రాశాడు. ‘‘నాలుగుసార్లు సేసి, గిటారు సగం తీసీసినాను సిన్నాన్నా. బాగుందా?’’

బాగుంది. ముఖ్యంగా ఆ తీసేసిన సగం!